రేల కొమ్మకు కట్టిన గుడ్డ

తవిటమ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. దవడలోని సన్నటి పళ్ళకు చెత్త తగులుకుని, దూది మెత్తగా విడిపోతోంది. చేతులు పని మీదే ఉన్నాయి, చూపు పెరటి రేలచెట్టు మీద ఉంది. కింది కొమ్మకు కట్టిన గుడ్డలో ఏదో కదిలింది.

పొందూరులో ఆ ఇంటి మగ్గం ఆగి ఏడాదయింది. భర్త దాలయ్యకు ఆయాసం. మంచం దిగలేడు. నోరు మాత్రం తగ్గలేదు. చిన్నకూతురు రేఖవి పిల్లికళ్ళు. "మా ఇంటి పోలిక కాదు" అని ఎప్పుడూ నవ్వుతూ అనేవాడు. ఒకసారి ఆమె అత్తవారి ముందూ అన్నాడు. అప్పటినుంచి రేఖ నరసన్నపేట నుంచి రావడం మానేసింది. అతను పోయేలోగా ఆ మాట వెనక్కి తీసుకోవాలి. తవిటమ్మ పట్టు అదే.

రేల చిగుళ్ళ మీద వాలే చిన్న ఆకుపచ్చ సీతాకోకచిలుకల్ని ఆమె ఎన్నో వానాకాలాలు చూసింది. పురుగులన్నీ ఒక్కలాగే ఉంటాయి, గూళ్ళూ ఒక్కలాగే ఉంటాయి. బయటికొచ్చేవే రకరకాలు. పోయిన విడత ఒకే కొమ్మ మీద ఆకుపచ్చదాన్నీ పసుపుదాన్నీ చూపిస్తే, "పసుపుది ఎక్కడినుంచో వొచ్చి వాలుంటాది. అది వేరే జాతి" అని దాలయ్య కొట్టిపారేశాడు. ఈసారి, నెల కిందట, ఒక ఆకుపచ్చది గుడ్లు పెట్టి ఎగరగానే, కొమ్మలో ఇంకే పురుగూ లేదని ఆకు ఆకూ తిప్పి చూసి, అతను నేసిన ఆఖరి పంచె ముక్క చుట్టి బిగించింది.

దవడ పక్కన పెట్టి లేచింది. మంచాన్ని పెరటి గుమ్మం దాకా ఈడ్చింది.

"ఏటే, నన్నేటి సేస్తన్నావు?"

"సూడు మావా."

కొమ్మను గుమ్మం వైపు వంచి గుడ్డ ముడి విప్పింది. లేతాకుపచ్చది ఒకటి, నిమ్మపండు రంగుది ఒకటి, అంచున నల్లచుక్కలున్నది ఇంకొకటి. తడి రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి.

"అన్నీ ఒక్క తల్లి బిడ్డలే. రంగులే వేరు."

"పసుపుది సందులోంచి దూరుంటాది."

"నీ నేతలోనా? దోమ కూడా దూరదని ఊరంతా సెప్పుకున్నావు కదేటి!"

దాలయ్య నవ్వబోయి దగ్గాడు. గుడ్డ అంచును వేళ్ళతో నలిపి చూశాడు.

"రేఖకి ఫోన్ సెయ్యే."

ఆమె ఫోన్ అతని చెవి దగ్గర పెట్టింది.

"తప్పు నాదే అమ్మా. నువ్వు నా బిడ్డవే. మీ అత్తోరికీ నేనే సెప్తాను. ఓ పాలి ఇంటికి రా."

తవిటమ్మ రాట్నం ముందు కూర్చుంది. కదురు నిండాక తల తిప్పి చూసేసరికి మంచం మీద దగ్గూ ఊపిరీ ఆగిపోయి ఉన్నాయి.

కబురందుకుని రేఖతోపాటు ఆమె అత్తవారూ వచ్చారు. తవిటమ్మ కళ్ళు తుడుచుకుని, ముందుగా వాళ్ళకే ఎదురెళ్ళింది. "మీ కోడలు ఆయన కూతురే. ఆయనే సెప్తానన్నాడు, ఇప్పుడు నేను సెప్తన్నాను."

పెరట్లో సగం విప్పిన పంచె ముక్క కొమ్మకు వేలాడుతోంది. దాని మడతలో ఇంకా విచ్చని గూడు ఒకటి ఆకురంగులోనే ఉంది.