అచ్చమ్మ దిగితేనే

పంతొమ్మిదివందల ముప్పైఆరులో ఏలూరు జనపనార మిల్లు మానేసి ఉంగుటూరు దగ్గర మా పేటకు తిరిగొచ్చేసరికి నాకు కోపం ముక్కు మీదే ఉండేది. సమ్మె చూసొచ్చినవాణ్ణి కదా, బలమంటే గొంతే అనుకునేవాణ్ణి.

ఊడ్పులకు వెళ్ళే మా ఆడవాళ్ళు కాలవ రేవులో కడవ ముంచకూడదు, అంటు అని. పాలేరు ఎత్తు నుంచి దోసిట్లో పోస్తేనే నీళ్ళు. నేను ఎవరినీ అడక్కుండా ఒక్కణ్ణే వెళ్ళి, ఆ పొలాల కామందు ప్రసాదరావు గారి అరుగు ముందు "మా కడవ మేమే ముంచుకుంటాం" అని అరిచి వచ్చాను.  ఆయన మర్నాటి నుంచి మా అమ్మ అచ్చమ్మను ఊడ్పుకు రావద్దన్నాడు. ముసలిది, చెయ్యి సాగదు అన్నాడట.

మా పొయ్యి వెలిగేది ఆ కూలిగింజలతోనే. అమ్మ ఉన్న గింజలే వండి ముందు నాకే పెట్టింది. తిట్టినా బాగుండేది.

అమ్మ చెయ్యి సాగని మాట నిజమే. కానీ ఊడ్పు వరసలో ఎవరైనా వెనకబడితే అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఆమె వంతు కూడా నాటి వరస కలుపుతారు. మూడేళ్ళుగా వరసలో పక్కనుండే సుగుణా, మరియమ్మా అమ్మను అలా కలుపుకొస్తున్నారట. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు వరసలోని ఆడవాళ్ళు పన్నెండుమందీ అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళి గట్టు మీద నిలబడ్డారు. వెనకాలే నేనూ వెళ్ళాను. పీకిన నారుకట్టలు ఎండకు వాడుతున్నాయి.

"ఎవడే మీ పెద్ద? రమ్మను, మాట్లాడతాను," అన్నాడు పొలానికొచ్చిన కామందు.

నేను ముందుకు అడుగెయ్యబోతే సుగుణ చెయ్యి అడ్డుపెట్టింది.

"పెద్దా గిద్దా ఎవరూ లేరండి. అచ్చమ్మత్త దిగితే మేమూ దిగుతామండి."

ఎవరూ అరవలేదు, ఎవరూ కదల్లేదు. కామందు నారుకట్టల వంక చూశాడు.

"సరే, దిగవే అచ్చమ్మా."

నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ మాత్రం దిగలేదు.

"మా కడవ రేవులో ముంచి తెచ్చుకున్నాక దిగుతానండి అయ్యగారూ," అంది మెల్లగా.

పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఎదురుచెప్పని మనిషి. తన కూలి తనకు దక్కాక, అందరి కోసం అడిగింది. కామందు పళ్ళు కొరికాడు. "ముంచుకోండి," అని విసవిసా వెళ్ళిపోయాడు.

అమ్మ ఇంటినుంచి తెచ్చిన ఖాళీ కడవ నా చేతికిచ్చింది.

"నువ్వెళ్ళి ముంచుకురా నాయనా. మాకు ఊడ్పు ఆలస్యమైపోద్ది."

మగవాడు నీళ్ళ కడవ మోయడం మా పేటలో ఎవరూ ఎరగరు. అందరూ నవ్వుతుండగా నిండు కడవ భుజాన పెట్టుకుని తెచ్చాను. ప్రభువుకు అప్పుడే స్తోత్రం చెప్పుకున్నాను. ఆ పన్నెండుమందికి ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నాను.