వినేవాళ్ళ పేపరు

సాయంత్రం ఇంజన్ల షెడ్డు కూత వినపడగానే, రైల్వేలో నీళ్ళు పోసే అప్పయమ్మ రీడింగ్ రూము వరండా ఊడ్చి, చాప పరిచి, కుండలో నీళ్ళు నింపేది. బిలాస్‌పూర్ రైల్వే ఆఫీసు, సిబ్బంది చదువుకోవడానికని, డిపార్టుమెంటు ఖర్చు మీద రెండు పేపర్లు తెప్పించేది, ఒకటి ఇంగ్లీషుది, ఒకటి తెలుగుది. తెలుగు పేపరు మద్రాసు నుంచి రైళ్ళు మారి మారి, నలిగి, వార్తలు చల్లారాక చేరేది. అయినా డ్యూటీ దిగిన తెలుగువాళ్ళు, ఇంజన్లో బొగ్గేసే ఫైర్‌మన్లూ ఫిట్టర్లూ మసి చేతులతోనే వచ్చి కూర్చునేవారు. అక్కడ చేరేవాళ్ళలో చదవడం వచ్చినవాడు స్టోర్సు గుమాస్తా గోవిందరావొక్కడే. అతను చదివేవాడు, మిగిలినవాళ్ళు వినేవారు.

చదువుతూ ఉంటే పేపర్లో ఉన్నవాళ్ళు వచ్చి చాప చివర కూర్చునేవారు. వరద వార్త చదివితే నాగావళి ఒడ్డువాళ్ళు తడిబట్టలతో వచ్చేవారు. కుస్తీ వార్త చదివితే గెలిచినవాడు మీసం దువ్వుకుంటూ, ఓడినవాడు మోకాలు రాసుకుంటూ వచ్చేవారు. ఇంగ్లీషు పేపరు జోలికి గోవిందరావు పోయేవాడు కాడు. అది చదివితే దొరలూ జనరళ్ళూ దిగుతారు, వాళ్ళకి కుర్చీలెక్కడ తెచ్చేది? వచ్చినవాళ్ళందరికీ అప్పయమ్మ రైల్వే ముద్ర ఉన్న ఇత్తడి చెంబుతో నీళ్ళిచ్చేది. వాళ్ళెంత తాగినా చెంబులో నీళ్ళు తగ్గేవి కావు. గోవిందరావు పేపరు మడత పెట్టగానే ఎక్కడివాళ్ళక్కడికి వెళ్ళిపోయేవారు.

రంగూను జపానువాళ్ళ చేతికి చిక్కిన ఏడు అది. అప్పయమ్మ కొడుకు అమ్మన్న అక్కడే ధాన్యం మిల్లులో ఉన్నాడు. షెడ్డులో బొగ్గు ఎత్తనని తండ్రితో పోట్లాడి విశాఖపట్నంలో స్టీమరెక్కినవాడు, తండ్రి పోయినప్పుడు కూడా రాలేకపోయాడు. ఆమెకిక మిగిలింది వాడొక్కడే. రంగూను జనం కొండలూ అడవులూ దాటి నడిచి వస్తున్నారని పేపర్లో పడేది. ఆ వార్త చదివిన రోజున వరండా పట్టేది కాదు. అందరూ కాళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని వచ్చేవారు. అప్పయమ్మ ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని మొహం చూసేది.

"మా అమ్మన్న అగుపడ్డాడేటి నాయనా?"

వాళ్ళు తల అడ్డంగా ఊపి నీళ్ళు తాగేవారు.

ఇంతలో యుద్ధకాలం పొదుపని తెలుగు పేపరు ఆపేయమన్నారు. గోవిందరావు హెడ్ క్లర్కు దగ్గరికెళ్ళి బతిమాలాడు.

"మీవాళ్ళలో చదివేది నువ్వొక్కడివే. ఒక్క మనిషికి ఒక పేపరా?" అన్నాడాయన.

"వినేవాళ్ళున్నారండి."

"అచ్ఛా! డిపార్టుమెంటు డబ్బిచ్చేది చదవడానికి. వినడానికి కాదు."

ఈ సంగతి చెబితే అప్పయమ్మ ఏడవలేదు. "అయితే ఆడు బతికున్నాడో నేదో నాకెలాగ తెలుస్తాది బాబూ?" అంది.

ఆఖరి పేపరు వచ్చిన రోజు అతను కావాలనే నెమ్మదిగా చదివాడు. ధరవరలు చదివాడు, తలనొప్పి మందు ప్రకటన చదివాడు. చిట్టచివర కొండదారి వార్త అందుకున్నాడు. మనుషులు రావడం మొదలైంది. అందరికంటే వెనక, మెడ మీద ఓ ఆడపిల్లని ఎక్కించుకుని అమ్మన్న వచ్చాడు.

"ఓలమ్మా, ఎంత సిక్కిపోనావురా!" అప్పయమ్మ వాడి చేతులు వదల్లేదు. "ఈ గుంటెవుల్రా?"

"దారిలో దొరికిందమ్మా. దీనికెవుల్నూ నేరు."

అప్పయమ్మ గోవిందరావు వైపు తిరిగింది. "బాబూ, నీ కాళ్ళట్టుకుంటాను. పేపరు మడతెట్టకు."

చదవడం అవగానే పేపరు మడత పెట్టి ఆఫీసులో అప్పజెప్పాలి. ఉద్యోగం సంగతి తరవాత చూసుకుందాంలే అనుకుని గోవిందరావు దాన్ని ఒళ్ళో పరుచుకుని కదలకుండా కూర్చున్నాడు. దీపాలు పెట్టే వేళయింది. చాప మీద జనం అసహనంగా కదిలారు. నిండు చూలాలొకామె మాటిమాటికీ ఆకాశం వైపు చూస్తోంది.

"అమ్మా, పేపరు తెరిసున్నంతసేపూ మేం అడుగెయ్యలేం," అన్నాడు అమ్మన్న. "అక్కడ మబ్బట్టేసింది. ఏరు పొంగితే దాటనేక అందరం ఆ పక్కనే సచ్చిపోతాం. మడతెట్టించు."

"నువ్వుండిపోరా. ఆళ్ళని పంపేస్తాను."

"పేపరొక్కటేనమ్మా. ఎల్తే అందరం ఎల్లాల."

ఆ పిల్ల వాడి జుట్టు పట్టుకునే నిద్రపోతోంది. అప్పయమ్మ చాలాసేపు ఆ పిల్లనే చూసింది. తరవాత చెంబు నిండా నీళ్ళు ముంచి కొడుకు చేతికిచ్చింది. "దారిలో తాగు. సెంబు మాత్రం తెచ్చిచ్చీ. సర్కారుది," అంది. గోవిందరావు ఒళ్ళోంచి పేపరు తీసుకుని తన చేతులతోనే మడత పెట్టింది. అంత కష్టమైన పని ఆమె అంతకుముందెప్పుడూ చెయ్యలేదు. వరండా ఖాళీ అయిపోయింది.

చెంబు పోయిందని హెడ్ క్లర్కు కేకలేస్తే పడింది. పేపరు లేదు కాబట్టి కబురూ లేదు. వానలు వెళ్ళాయి. చలి దిగాక ఒక మధ్యాహ్నం, చంకలో పసిగుడ్డుతో ఒకామె ఓ ఆడపిల్లని నడిపించుకుంటూ వరండా దగ్గరికొచ్చింది. ఆనాడు ఆకాశం వైపు చూసిన చూలాలే. వాళ్ళ ఊరికిది దారి కాదు, అమ్మన్న మాట కోసం చుట్టు తిరిగి వచ్చింది.

"అందర్నీ ఏరు దాటించినాడమ్మా. ఈ గుంటని ఒడ్డున దింపి, మల్లీ నాకోసం ఎనక్కొచ్చినాడు. నన్ను ఒడ్డెక్కించినాడు. తాను ఎక్కనేదు." మూటలోంచి చెంబు తీసింది. "ఏట్లో దిగే ముందు, ఇది అమ్మకిచ్చీమన్నాడు. దారంతా అందరం ఇందులో నీలే తాగినాం. తగ్గనేదు."

అప్పయమ్మ చెంబు అందుకుంది. ముంచి ఇచ్చినప్పటిలాగే అంచుదాకా ఉంది. ఆ పిల్లని మెట్టు మీద కూర్చోబెట్టి కాళ్ళు కడగడం మొదలెట్టింది. ఒక కాలు అయింది. రెండో కాలి మీద పోస్తూ ఉండగా నీళ్ళు అయిపోయాయి.

అప్పయమ్మ చెంబు బోర్లించి చూసింది. అప్పుడేడ్చింది, షెడ్డుదాకా వినపడేలా ఏడ్చింది. పిల్ల బెదిరిపోయి కాలు వెనక్కి తీసుకుంది. ఆ కాలికింకా మట్టి ఉందని చూసి, అప్పయమ్మ కళ్ళు తుడుచుకుని, ఖాళీ చెంబు పట్టుకుని కుండ దగ్గరికి లేచింది.