గీకని వార్నిష్

మా వృత్తిలో ఒక దరిద్రపు అలవాటుంది. రిపేరుకొచ్చిన గిటారును బల్ల మీద పెట్టగానే, అంతకుముందు దాన్ని ముట్టుకున్నవాణ్ణి తిట్టాలి. వాడెవరో తెలియనక్కర్లేదు. ఎవడైనా సరే, వాడు చేతకానివాడు, వాడికి ఉలి పట్టుకోవడం రాదు, మీ వాయిద్యం ఇలా తగలడిందంటే వాడి పుణ్యమే. ఆ మాటలు వింటే వచ్చినవాళ్లకు మన మీద గురి కుదురుతుంది. నేనైతే ఇరవై ఏళ్లకు పైగా నోరారా తిడుతున్నాను. మా నాన్న మాత్రం ఎవర్నీ తిట్టగా నేను వినలేదు. నా నోరు అచ్చం మా అమ్మ నోరే అంటాడు.

మా షాపు ఒకటే గది. తాళంచెవులు చేసే అతని కొట్టుకూ టైలరు కొట్టుకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది. కిటికీ పక్క బల్ల నాన్నది, లోపలి బల్ల నాది. నాన్నకు డెబ్బై ఆరేళ్లు. ఏడాదిగా ఆయన చేతులు వణుకుతున్నాయి. మొదట్లో చలికని అన్నాడు. ఎండలు ముదిరాక ఏమీ అనలేదు. నేను కష్టమైన పనులన్నీ ఒక్కొక్కటిగా నా బల్ల మీదికి లాక్కున్నాను. తీగలు మార్చడం, తుడవడం, తీగల కింద పెట్టే ఎముక ముక్కలు నునుపు చెయ్యడం ఆయనకు వదిలేశాను. ఆయన చూస్తూనే ఉన్నాడు. ఇక పని మానెయ్యమని చెప్పాలని నాలుగు నెలలుగా అనుకుంటున్నాను. గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది.

ఆ సోమవారం పొద్దున పిల్లలకు సంగీతం నేర్పే టీచరమ్మ ఒకావిడ గిటారు పెట్టె మోసుకుంటూ వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో, మనిషి నెమ్మది. పెట్టె మూత తీసి, ఆసుపత్రిలో బిడ్డను చూపించినట్టు పక్కకు తప్పుకుంది.

గిటారు ఒంటి మీద తీగలన్నిటినీ పట్టుకుని ఉండే చెక్క ముక్కను బ్రిడ్జి అంటాం. అది పై పలక మీద కేవలం జిగురుతో నిలబడుతుంది. తీగలేమో రాత్రీ పగలూ దాన్ని లాగుతూనే ఉంటాయి. ఈ గిటారుకు బ్రిడ్జి దాదాపు మొత్తం లేచిపోయి ఒక్క మూలన వేలాడుతోంది. ఆ మూల దగ్గర పై పలక పీచులు పీచులుగా చిరిగిపోయింది. అక్కడి నుంచి మధ్యలోని గుండ్రటి రంధ్రం వైపు బెత్తెడు పగులు.

తీగలు వదులు చేసి, బ్రిడ్జి కింద కాగితం ముక్క దూర్చాను. అడ్డూ ఆపూ లేకుండా దూరిపోయింది. టార్చి వేసి చూశాను. కింద వార్నిష్ తళతళా మెరుస్తోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. బ్రిడ్జి అంటించే చోట వార్నిష్ మొత్తం గీకెయ్యాలి. పచ్చి చెక్క తేలాకే జిగురు రాయాలి. జిగురు చెక్కను పట్టుకుంటుంది గానీ వార్నిష్‌ను పట్టుకోదు. మా పనిలో ఇది ఓనమాలు. నాన్న నా చేత మొదటి ఆరు నెలలూ గీకించడం తప్ప ఇంకే పనీ చేయించలేదు.

"ఎవడమ్మా ఈ మహానుభావుడు?" అన్నాను. "వార్నిష్ మీదే జిగురు పూసి చేతులు దులుపుకున్నాడు! గంట పని. ఒక్క గంట కూర్చుని గీకడానికి వాడికి ఒళ్లు వంగలేదు. ఇలాంటివాళ్ల చేతులు విరగ్గొట్టాలి!"

టీచరమ్మ ఇబ్బందిగా కదిలింది. "అది కాదక్కా... దీన్ని నాకమ్మిన పెద్దాయన ఎప్పుడో ఇరవై రెండేళ్ల కిందట మీ షాపులోనే చేయించానన్నారు. పెట్టెలోంచి పెద్దగా తీసేవారు కాదట. నేను కొని, గట్టి తీగలు వేసి రోజూ వాయిస్తున్నాను. మూడు నెలలకే ఇలా అయింది. అందుకే మీ దగ్గరికే వెతుక్కుంటూ వచ్చా."

"మా షాపులోనా? చాల్లెండి. ఆయన ఇంకెక్కడో చేయించి మర్చిపోయి ఉంటాడు" అంటూనే మళ్లీ టార్చి వేశాను. ఈసారి లోపలికంటా చూశాను. రెండు వెదురు మేకులు కనిపించాయి, అగ్గిపుల్లంత సన్నవి. జిగురు మీద బ్రిడ్జి జారకుండా నాన్న అలా రెండు మేకులు దిగ్గొడతాడు. ఈ చుట్టుపక్కల ఇంకెవరూ అలా చెయ్యరు.

నాన్న అప్పటికే లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. గిటారును పైనుంచి కిందికి ఒక్కసారి చూశాడు. వంగి లోపలికి కూడా చూడలేదు.

"నేనే చేశానమ్మా" అన్నాడు టీచరమ్మతో. "తప్పు నాదే. ఏమీ అనుకోకు. పది రోజులు టైమిస్తే సరిచేసి ఇస్తాం."

ఆవిడ, "అయ్యో, పెద్దవారు, అంత మాట ఎందుకండీ" అని గిటారు వదిలేసి వెళ్లిపోయింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బయటి మనిషి ముందు కన్నతండ్రి చేతులు విరగ్గొట్టాలన్న కూతుర్ని నేను. సిగ్గేసింది. సిగ్గుపడ్డప్పుడు నాకు నోరు ఇంకా లేస్తుంది, అదొక రోగం.

"నాన్నా, నీకు ఒంట్లో బాగున్న రోజుల్లోనే ఇలాంటి పని చేశావంటే, ఇప్పుడీ చేతులతో ఏం చేస్తావు?" అన్నాను. "పోయిన నెల ఆ పిల్లాడి గిటారుకు మెడ దగ్గర గీత పెట్టావు. నేను రంగు వేసి కప్పాను. ఎన్నని కప్పను? చాలు, ఇక మానెయ్. ఇంటిపట్టున ఉండు."

అనేశాను. నాలుగు నెలలుగా గొంతులో ఆగిన మాట, రాకూడని రోజున వచ్చింది.

నాన్న నా మొహం చూశాడు. ఏదో అనబోతున్నాడనుకున్నాను. "సరే" అన్నాడు. తన బల్ల దగ్గరికి వెళ్లి ఉలిని గుడ్డతో తుడిచి దాని చోట పెట్టాడు. ఏప్రాన్ విప్పడానికి వెనక ముడి దొరకలేదు. నేను లేచి విప్పాను. అంతకంటే ఘోరమైన పని నేను జీవితంలో చెయ్యలేదు. ఆయన చెప్పులు వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఇంట్లో ఇద్దరం పలకరించుకోలేదు. మా ఆయన మా మొహాలు చూసి, ఏమైందని అడిగే సాహసం చెయ్యక, తన కంచం తనే కడుక్కుని పడుకున్నాడు.

మర్నాడు షాపుకు నేనొక్కదాన్నే వెళ్లాను. కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంటే చూడబుద్ధి కాలేదు. వీపు అటు తిప్పి కూర్చుని గిటారు పని మొదలుపెట్టాను. అంటుకుని ఉన్న ఆ మూలను ఇస్త్రీపెట్టెతో వేడి చేశాను. జిగురు మెత్తబడ్డాక పల్చటి కత్తి దూర్చి, చెక్క పీచులు ఇంకా చిరగకుండా వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ బ్రిడ్జిని పైకి తీశాను. ముప్పావు గంట పట్టింది.

తీసి చూస్తే ఆ ఒక్క మూల మాత్రం వార్నిష్ లేదు. బొటనవేలంత మేర శుభ్రంగా గీకి ఉంది. అక్కడ జిగురు చెక్కను గట్టిగా పట్టుకుంది. మిగతా బ్రిడ్జంతా ఊడిపోయేసరికి తీగల లాగుడు మొత్తం ఆ మూల మీదే పడి, పై పలకను చీల్చేసింది. అంటే ఎవరో గీకడం మొదలుపెట్టారు, చక్కగా గీకారు, మధ్యలో వదిలేశారు. నాన్న మధ్యలో వదిలే మనిషి కాదు.

గిటారును వెలుతురుకు తిప్పాను. గీకిన గీతలు కుడి నుంచి ఎడమకు వాలి ఉన్నాయి. నాన్న గీకితే ఎడమ నుంచి కుడికి వాలతాయి. మా షాపులో పుర్రచేతివాటం ఒక్క మనిషిదే. నాది.

అప్పుడు గుర్తొచ్చింది.

నాకప్పుడు ఇరవై ఏళ్లు. అమ్మ ఆసుపత్రిలో చేరి పదకొండు రోజులైంది. నాన్న అక్కడే ఉండేవాడు. నేను పొద్దున షాపులో, సాయంత్రం ఆసుపత్రిలో. ఆ రోజు నాన్న ఫోన్ చేసి, "ఆ గిటారాయన రేపు పొద్దున్నే ఊరెళ్తున్నాడు, మాటిచ్చాను. మేకులు కొట్టి పెట్టాను, గీకి అంటించెయ్యి. అదయ్యాకే రా" అన్నాడు. జిగురు వేడెక్కింది. కూర్చుని ఒక మూల నుంచి గీకడం మొదలుపెట్టాను. మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి మా పిన్ని. "ఎక్కడ చచ్చావే? ఉన్నపళంగా బయల్దేరు" అని ఏడుస్తోంది. ఉన్న వార్నిష్ మీదే జిగురు పూశాను. బ్రిడ్జి పెట్టి, అది కదలకుండా క్లాంపులు బిగించి పరిగెత్తాను.

అమ్మ మెలకువగానే ఉంది. నా చెయ్యి పట్టుకుని మొహం చిట్లించింది. "జిగురు కంపు కొడుతున్నావే, చేతులు కడుక్కుని రావద్దూ" అంది. అన్నదే గానీ చెయ్యి వదల్లేదు. పది నిమిషాలో, పావుగంటో. అంతే. ఆ తర్వాత ఆ గిటారు ఏమైందో, ఎవరు తీసుకెళ్లారో నేను పట్టించుకోలేదు. ఎవరూ అడగలేదు కూడా.

షాపు మూసేశాను. తాళాలతను "ఏంటక్కా, పట్టపగలే దుకాణం కట్టేశావు" అంటున్నా ఆగకుండా ఇంటికి నడిచాను.

నాన్న వంటింట్లో కింద కూర్చుని, వదులైన పెనం పిడి బిగిస్తున్నాడు. స్క్రూడ్రైవరు స్క్రూ గాడిలోంచి జారిపోతోంది. మళ్లీ పెడుతున్నాడు, మళ్లీ జారుతోంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"నాన్నా, అది నేను చేసింది."

తలెత్తలేదు. "ఏది?"

"తెలియనట్టు మాట్లాడకు. బ్రిడ్జి ఊడదీశాను. నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"మర్నాడు పొద్దున్నుంచి" అన్నాడు. "మీ అమ్మనింకా ఇంటికి తీసుకురాలేదు. ఆయనకు మాటిచ్చాను కదా, షాపు తాళం తియ్యడానికి వెళ్లాను. క్లాంపులు విప్పితే, బల్ల మీద గీకిన పొట్టు చిటికెడే ఉంది. మొత్తం గీకితే దోసెడు రావాలి. అర్థమైపోయింది."

"అర్థమై కూడా ఇచ్చేశావా? నువ్వా?"

"ఇచ్చేశాను."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "ఆయన్ని రెండు రోజులు ఆగమంటే ఆగడా? మళ్లీ ఊడదీసి నా చేత చేయించవచ్చుగా! ఇన్నేళ్లలో ఒక్కసారైనా నన్ను తిట్టావా? నిన్న నేను నోటికొచ్చింది వాగుతుంటే, నువ్వే చేశావే అని మొహం మీద అనొచ్చుగా! పరాయి మనిషి ముందు నువ్వెందుకు తల దించుకున్నావు?"

నాన్న స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"ఏమని తిట్టనే?" అన్నాడు. "ఆ గంట కూర్చుని నువ్వు గీకి ఉంటే, మీ అమ్మను చూసేదానివి కాదు."

ఆయనే మళ్లీ అందుకున్నాడు, ఒక్కో మాటా వెతుక్కుంటూ. "ఆ పొద్దున్నుంచీ తలుపు వైపే చూస్తోంది. పిల్ల వచ్చిందా, పిల్ల వచ్చిందా అని ఒకటే అడగడం. వస్తుంది, చిన్న పనుంది అన్నాను. గిటారు పనని చెప్పలేదు. చెప్తే ఆ స్థితిలోనూ నన్ను ఉతికి ఆరేసేది. డాక్టరు ఏమన్నాడో నాకు తెలుసు. తెలిసి కూడా నిన్ను అక్కడ కూర్చోబెట్టాను. ఎవడో ముక్కూమొహం తెలియనివాడికి మాటిచ్చానని. నువ్వు గీకకపోవడం తప్పు కాదు తల్లీ. గీకి అంటించాకే రమ్మనడం తప్పు. నేనే చేశానని నిన్న ఆ అమ్మాయితో అన్నది అబద్ధం కాదు."

నేను వెళ్లి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. ఆయన భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. ఎంత నోరుంటే మాత్రం ఏం లాభం, ఆ పూట నా దగ్గర ఒక్క మాట లేదు. ఆయన నా తల నిమరబోయాడు. చెయ్యి వణికి చెవికి తగిలింది. "చూశావా, నువ్వన్నది నిజమే" అని కొంచెం నవ్వాడు.

కళ్లు తుడుచుకుని, "రేపు షాపుకు రా నాన్నా" అన్నాను.

"వచ్చి ఏం చెయ్యను?"

"పై పలక చిరిగిన చోట ఆ పీచులన్నీ మళ్లీ పడుకోబెట్టాలి. కింద ఆసరా చెక్క వెయ్యాలి. ఎలాగో నువ్వు పక్కన ఉండి చెప్పు."

"వేషాలెయ్యకు. అది నీకు నాకంటే బాగా వచ్చు."

"వచ్చు. అయినా రా."

ఆయన పెనం చేతిలోకి తీసుకుని పిడి అటూ ఇటూ కదిపి చూశాడు. ఇంకా వదులుగానే ఉంది. దాన్ని పక్కన పెట్టి, నా వైపు చూడకుండా అడిగాడు.

"రేపు షాపు ఎన్నింటికి తీస్తావు?"

అమ్మ ఆసుపత్రి రోజులు తప్పిస్తే, నలభై ఏళ్లుగా ఆ షాపు తాళం తీసింది ఆయనే. ఇన్నేళ్లలో ఆయన ఎవర్నీ ఆ మాట అడగలేదు. ఆగిన ఏడుపు మళ్లీ ముంచుకొచ్చింది.

"నువ్వెప్పుడొస్తే అప్పుడే నాన్నా" అన్నాను.