చుక్క పడిన చోటు

అయినా పటం మీది చుక్కకేం తెలుసు, అది తనను లాగిన వైపు పోయి ఆగింది, అంతే, దాన్ని తిట్టుకుని ఏం లాభం అనుకుంటూ సునీల తెర వైపు చూడకుండా తెర కింది కుర్చీల కాళ్లను చూస్తోంది. కుర్చీలు కొత్తవి. కాళ్లకు చుట్టిన ప్లాస్టిక్ ఇంకా తీయలేదు. ఎవరో ఒకరు ఆ ప్లాస్టిక్ తీయాలి. ఎవరూ తీయకపోతే అది అక్కడే దుమ్ము పట్టి, కుర్చీలో భాగమైపోతుంది. చెప్పని మాట కూడా అలాగే అవుతుందేమో. మొదటి రోజు చెప్పి ఉంటే అది ఒక సమాచారం. ఇప్పుడు చెబితే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదన్నది ముందు వస్తుంది.

శంషాబాద్‌లో, విమానాశ్రయం ప్రహరీకి ఎదురుగా ఉన్న మందుల కంపెనీ ఆఫీసు అది. బల్లకు ఆ చివర వినోద్ కుమార్ కూర్చున్నాడు. కంపెనీ గోడౌన్‌లన్నీ ఆయన చేతి కిందివే. ఆయన పక్కన సునీల వాళ్ల ప్రొఫెసర్ మేడమ్. తెర దగ్గర నిలబడి మాట్లాడుతున్నవాడు శివశంకర్, సునీలతో కలిసి ప్రాజెక్టు చేసినవాడు. ల్యాప్‌టాప్ సునీల ముందుంది. ఇద్దరిదీ సప్లై చెయిన్ ఎంబీఏ, చివరి ఏడాది. కంపెనీ కొత్త గోడౌన్ ఎక్కడ కడితే సరుకు తక్కువ దూరంలో, చల్లదనం పోకుండా అందరికీ చేరుతుందో చెప్పడమే ప్రాజెక్టు. పని నచ్చితే ఇద్దరిలో ఒకరికి ప్లానింగ్ విభాగంలో ఉద్యోగం. కారులో వస్తూ ఆ సంగతి ఇంకోసారి చెప్పిన మేడమ్ అద్దంలో సునీల వైపే చూసింది.

లెక్క సునీలదే. కొత్తూరు ఫ్యాక్టరీల నుంచి వచ్చే మందు ఎంత, విమానం ఎక్కేది ఎంత, బడంగ్‌పేట్ వైపు కాలనీల దుకాణాలకు పోయేది ఎంత. ఒక్కో చోటు తన సరుకు బరువుకు తగ్గట్టు చుక్కను తన వైపు లాగుతుంది. అన్ని లాగుళ్లూ సరిసమానమైన చోట చుక్క ఆగుతుంది. ఆగిన చోటికి పొరుగున అమ్మకానికి ఉన్న ఖాళీ జాగా వెతకాలి. ఇక్కడ వెతకనక్కరలేదు. చుక్క నేరుగా అమ్మకానికి ఉన్న జాగాలోనే పడింది. సాతంరాయి దాటాక, హైవేకి లోపలగా, తన ఊరి మొగులయ్య మెట్ట చెలకలో.

ఆ చెలక మూలన ఆమె తల్లి డోర్కాస్ సమాధి ఉంది. ఊళ్లో క్రైస్తవుల సమాధులన్నీ ఆ మూలనే. మొగులయ్య తండ్రి నోటిమాటగా ఇచ్చిన జాగా. ఆ మాట మీదే ఇన్నాళ్లు నడిచింది. మొగులయ్య మంచం పట్టాక కొడుకులు చెలకను మొత్తంగా బేరానికి పెట్టారు. కాగితాల్లో అంతా చెలకే. నోటిమాట ఏ పటంలోనూ కనిపించదు.

చుక్క అక్కడ పడ్డ రోజు ఆమెకు ముందు కలిగింది బాధ కాదు. సంతోషం. లెక్క అంత శుభ్రంగా తేలడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఒక్క క్షణం సంతోషం, ఆ తర్వాతే ఆ చోటు ఏదో తెలిసింది. అప్పటినుంచి ఆ ఒక్క క్షణాన్నే ఆమె తవ్వుతోంది. తల్లి కంటే ముందు లెక్క గుర్తొచ్చిన మనిషి ఎలాంటి మనిషి? ఒకసారి కొత్తూరు బరువును కాస్త పెంచి చూసింది. చుక్క పక్క చేనులోకి జరిగింది. ఎవరికీ తెలిసేది కాదు. మళ్లీ పాత అంకె పెట్టేసింది. నిజాయితీతోనే పెట్టానని అనుకుంది అప్పుడు. నిజాయితీయా, తప్పు లెక్క తన పేరు మీద ఉండకూడదన్న పొగరా?

శివశంకర్ ఉన్నట్టుండి ఆగాడు. విమానం దిగుతోంది. కిటికీ అద్దాలు సన్నగా వణికాయి. ఇక్కడ అందరూ మాట మధ్యలో ఆగి, శబ్దం పోయాక అదే అక్షరం నుంచి అందుకుంటారు. సునీలకు ఆ విరామం ఇంకాస్త సాగితే బాగుండుననిపించింది.

ఈ చదువులో చేరినప్పుడు నాయనమ్మ ఇందిరమ్మ, గోదాముల పెట్టెలు లెక్కబెట్టనీకి యూనివర్సిటీ ఎందుకే అని అడిగింది. సునీల ఓపిగ్గా చెప్పింది. ఫ్యాక్టరీలో కొనుగోళ్లు చూసేవాళ్లు, విమానాల కార్గోలో పనిచేసేవాళ్లు, పెద్ద దవాఖానల్లో మందు అయిపోకుండా ముందే లెక్కగట్టేవాళ్లు, అందరూ ఈ చదువు చదివినవాళ్లేనని చెప్పింది. ముసలామె అంతా విని, అంటే ఏది ఏడ పెట్టాల్నో నువ్వు చెప్తవన్నమాట, మంచిగనే ఉంది అంది. ఇంట్లో అందరూ నవ్వారు.

వినోద్ కుమార్ కళ్లజోడు తీసి తెర దగ్గరికి వచ్చాడు. ఆయన నెమ్మదైన మనిషి. ఇంతవరకూ అడిగిన ప్రశ్నలన్నీ మంచి ప్రశ్నలే.

"ఈ మూలన తెల్లగా కనబడుతున్నవి ఏమిటండీ?"

ఉపగ్రహం తీసిన ఫొటోలో, ఎర్రమట్టి మధ్య, వరసల్లాంటివి. నిరుడు సమాధుల పండుగకు వేసిన సున్నం. పండుగ ముందు వారమంతా ఊరివాళ్లు అక్కడే ఉంటారు. గడ్డి పీకి, మట్టి సర్ది, సున్నం కొడతారు. పండుగ నాడు బంతిపూలు, కొవ్వొత్తులు.

సునీల నోరు తెరిచింది. ఆమె కంటే ముందే శివశంకర్ అందుకున్నాడు.

"రాళ్లు సార్. మా దిక్కు చెలకలల్ల గిట్లనే ఉంటయ్. జేసీబీ పెడితే ఒక్క పూట పని."

అతనికి తెలియదు. అబద్ధం కాదది, ధీమా. ఆమె ఊరు ఆ దగ్గరేనని తెలుసు, అంతకు మించి తెలియదు. ఆమె చెప్పలేదు. నిన్న బస్టాపులో కూడా, ఏందే, ఉద్యోగం నాకే వస్తదని పరేషాన్ అయితున్నవా అని ఏడిపించాడు. అవునని నవ్వింది. ఆ నవ్వు చాలా సులువుగా వచ్చింది.

వినోద్ కుమార్ తల ఊపాడు. ఢిల్లీలో కంపెనీ పెద్దవాళ్లకు రేపే పంపిస్తానన్నాడు. మొగులయ్య కొడుకులతో ఈ వారంలోనే మాట్లాడేస్తామన్నాడు. మేడమ్ ముఖంలో వెలుగు. ఆయన సునీల వైపు తిరిగి, ఆ తెల్ల మచ్చలు చూస్తే ఢిల్లీవాళ్లు అనవసరమైన ప్రశ్నలు వేస్తారని, ఫొటోలో ఆ మూల కాస్త శుభ్రం చేసి ఇమ్మని అడిగాడు. అలా అడుగుతూనే మామూలుగా, కాఫీ తెప్పించినంత మామూలుగా, మరో మాట అన్నాడు.

"లెక్క మీరు చేశారని మేడమ్ చెప్పారమ్మా. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి రాగలరా?"

గదిలో అందరూ ఆమెనే చూస్తున్నారు. శివశంకర్ ముఖం ఒక్కసారి పాలిపోయి, వెంటనే నవ్వు పులుముకుంది.

రాగలను. ఆ మాట నాలుక మీదే ఉంది. వస్తే జీతం, నగరంలో కిరాయి గది, ఆ తర్వాత ఇంకో కంపెనీ, ఇంకో చుక్క. అవేవీ చిన్నవి కావు. తను కోరుకోనివీ కావు. కోరుకుంటోంది, ఇప్పుడు కూడా. అదే భయం. మనసులో తల్లి ఒక వైపు, ఉద్యోగం ఒక వైపు నిలబడి లాగుతాయని ఇన్ని రోజులూ ఊహించుకుంది. అలా లేదు. ఉద్యోగం లాగుతోంది. తల్లి ఏమీ లాగడం లేదు. ఆమె ఉన్న చోట ఉంది, అంతే.

పొద్దున బాపు వాకిట్లో ప్లాస్టిక్ డబ్బా కడుగుతున్నాడు. ఆమె తండ్రి సీమోను విమానాశ్రయం రోడ్డు మధ్య మొక్కలకు నీళ్లు పట్టే మనిషి. సున్నం నానబెట్టడానికి ఏటా అదే డబ్బా. ఆమె చెప్పులు వేసుకుంటుంటే తల ఎత్తకుండానే అన్నాడు.

"ఈసారి మీ అమ్మ దానికి రెండు కోటింగులు కొడ్దాం బిడ్డా. వానకు ఒక దిక్కు కరిగింది."

సరే బాపూ అంది. యూనివర్సిటీకి, అక్కడినుంచి మేడమ్ కారులో ఇక్కడికి రావడానికి, బస్సెక్కింది.

"ఏమంటారమ్మా?" వినోద్ కుమార్ మళ్లీ అడిగాడు.

సునీల మౌస్ మీద చేయి వేసింది. చెరిపే పనిముట్టు మీదుగా బాణం గుర్తు ఆగకుండా దాటిపోయింది. మేడమ్ ముందుకు వంగింది. తెల్ల మచ్చలు తెర నిండా పెద్దవయ్యాయి. ఇంత దగ్గరగా చూస్తే రాళ్లలా లేవు. అన్నీ ఒకే వైపు పొడుగ్గా, మనుషులు పడుకున్నట్టు ఉన్నాయి. రెండో వరసలో చివరిది, ఒక పక్క అంచు పలచబడినది.

దాని మీద ఒక గుర్తు గుచ్చింది. పేరు రాయమని పటం ఒక తెల్ల గడి తెరిచింది.

సమాధులు అని రాస్తే సరిపోతుంది. కానీ అలా రాస్తే అది ఒక అడ్డంకి అవుతుంది. అడ్డంకికి లెక్కలో ఒక గడి ఉంటుంది, దాన్ని తీయడానికి ఎంతవుతుందో ఆమే వేసి ఇవ్వగలదు. ఆ చదువే ఆమె చదివింది.

మరో విమానం దిగుతోంది. అద్దాలు వణుకుతున్నాయి. ఈ శబ్దంలో ఎవరూ ఏమీ అడగలేరు.

అక్షరం తర్వాత అక్షరం, తల్లి పేరు టైపు చేసింది. డోర్కాస్. వేలు ఒక్క క్షణం గాల్లో ఆగింది. తర్వాత ఎంటర్ నొక్కింది.