ముచ్చటైనది, పనికొచ్చేది

ధర చీటీ ఊడదీయడానికి బొటనవేలి గోరును మించిన పనిముట్టు లేదని రిబ్బనక్క నమ్మకం. దుకాణం వాళ్ళు ఆమెకు చిన్న చాకు ఇచ్చారు, జిగురు వదిలించే నూనె సీసా ఇచ్చారు. రెండూ బల్ల సొరుగులో పడి ఉన్నాయి. ఆమె పెట్టెను ఎడమచేత్తో ఒడిసిపట్టుకొని, చీటీ మూల గోటితో లేపి, చిరగకుండా ఒక్క లాగుతో ఊడదీస్తుంది. ఊడదీసే ముందు దానిమీది అంకె చదువుతుంది. ఆ తరువాతే కాగితం పరుస్తుంది.

క్రిస్మస్ ముందురోజు కావడంతో తలుపులు తెరవగానే ఆమె బల్ల ముందు జనం వరస కట్టారు. ఆ పెద్ద దుకాణంలో బహుమతులు చుట్టే బల్లకు మెట్ల కింద చోటిచ్చారు. ఆమె పొడగరి. నిటారుగా నిలబడితే మెట్లు నెత్తికి తగులుతాయి. అందుకని వంగి నిలబడటం అలవాటు చేసుకుంది, ఇప్పుడు వీధిలో నడిచేటప్పుడు కూడా ఆ వంపు పోవడం లేదు. నెరిసిన జుట్టు బిగించి ముడివేసుకుంటుంది. కాగితం చేతుల్లోని తడినంతా తాగేస్తుంది కాబట్టి చలికాలం వచ్చిందంటే వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి సన్నని ఎర్రగీతలు పడతాయి. తెల్లకాగితానికి నెత్తురు అంటకుండా ఆ వేళ్ళకు ప్లాస్టర్లు చుట్టుకుంటుంది. ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప అక్కడ ఎవరికీ గుర్తు లేదు.

ఆమెకొక జబ్బుంది. దగ్గో ఆయాసమో కాదు, ఓర్వలేనితనం. అది పక్కింటివాళ్ళ మీదో, తోటి ఉద్యోగుల మీదో అయితే లోకంలో ఉన్నదే కదా అని సరిపెట్టుకోవచ్చు. ఈమె ఏడుపంతా పిల్లల మీద. పళ్ళూడిన ఏ బుడ్డోడికో, తన నెల జీతంతో సమానమైన రైలుబండి చుడుతున్నప్పుడు ఆమె కడుపులో సన్నగా మంట మొదలవుతుంది. యాభై దాటిన మనిషి, ముఖం కూడా చూడని పసివాళ్ళ మీద కుళ్ళుకోవడం ఏమిటని ఎవరైనా అడిగితే జవాబు చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి గుట్టుగా గడిచిపోతోంది.

ఆ పొద్దున మొదట వచ్చింది ఒక మొగుడూ పెళ్ళామూ. బల్లమీద రెండు పెట్టారు. ఒకటి దీపాలు వెలిగే బొమ్మరిల్లు, ఇద్దరు మోస్తే గాని కదలనంతది. రెండోది బడికి పట్టుకెళ్ళే సంచి.

"రెండూ ఒకే ఇంటికా అండీ?" అని అడిగింది రిబ్బనక్క. ఎప్పుడూ అడుగుతుంది.

"అవునండీ. ఇల్లు చిన్నదానికి. సంచి పెద్దదానికి," అన్నాడు మొగుడు.

"పెద్దదానికి బుద్ధెక్కువండీ. ఏమిచ్చినా ఏమీ అనుకోదు," అంది పెళ్ళాం, ఎవరూ అడగకుండానే.

రిబ్బనక్క రెండు చీటీలూ ఊడదీసింది, రెండు అంకెలూ చదివింది. ఒక కంట వెన్న, ఒక కంట సున్నం అని లోపలే అనుకుంది. బొమ్మరింటికి పలచని నీలం కాగితం చుట్టి, ఒకే ఒక్క రిబ్బను ముడివేసింది. సంచికి మాత్రం మందపాటి బంగారు కాగితం తీసి, మడతలు కత్తితో కోసినట్టు దిద్ది, మూడు రంగుల రిబ్బన్లు కలిపి పైన ఇంత పువ్వు నిలబెట్టింది. పక్కన బిల్లులు కొట్టే అమ్మాయి అదంతా చూస్తూనే ఉంది.

"మళ్ళీ బంగారు కాగితమా అక్కా? పైన పటారం, లోన లొటారం!" అంది వాళ్ళు వెళ్ళాక.

"లోపలిది మార్చడం నా చేతిలో లేదు కదే. పైది నా చేతిలో ఉంది," అంది రిబ్బనక్క.

ఇన్నేళ్ళుగా ఆమె చేస్తున్న ధర్మం అదొక్కటే. ఒకే ఇంటికి రెండు బహుమతులు వెళితే తక్కువ ఖరీదు దానికి మంచి కాగితం. బంగారు కాగితం ఇంత తొందరగా ఎందుకు అయిపోతోందో మేనేజరుకు ఏటా అర్థం కాదు.

దీని మూలం చాలా దూరాన ఉంది. ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు, చెల్లెలికి అయిదేళ్ళప్పుడు, క్రిస్మస్ నాడు అమ్మ ఇద్దరి చేతుల్లో రెండు పొట్లాలు పెట్టింది. చెల్లెలి పొట్లంలో పడుకోబెడితే కళ్ళు మూసుకునే బొమ్మ వచ్చింది. తన పొట్లంలో వానకోటు వచ్చింది. పొడుగు చేతులది, మరో రెండేళ్ళు వస్తుందని పెద్ద సైజు కొన్నారు. "నీకు పనికొచ్చేది, దానికి ముచ్చటైనది," అంది అమ్మ, ఇద్దరికీ సమానంగా పంచినంత ధీమాగా. ఆ తరువాత ప్రతి ఏడూ అదే వరస. తనకు బూట్లు, చెల్లెలికి నొక్కితే పాడే పియానో. తనకు దుప్పటి, చెల్లెలికి జరీ అంచు గౌను. చెల్లెలికి పెద్ద ఇంట్లో పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, కారు వచ్చింది. తను అమ్మానాన్నల దగ్గరే ఉండిపోయింది. నాన్న పోయాక అమ్మ, తను, రెండు గదుల వాటా మిగిలాయి. అమ్మకు మందులు వేసేది తను, స్నానం చేయించేది తను, గోళ్ళు తీసేది తను. క్రిస్మస్ వచ్చేసరికి అమ్మ పెన్షను డబ్బులు రెండు కవర్లలో పెట్టి, ఇద్దరి బహుమతులూ తననే కొనుక్కురమ్మంటుంది. మందంగా ఉన్న కవరు ఎవరిదో అడగక్కర్లేదు.

ఈ పొద్దున దుకాణానికి బయల్దేరేటప్పుడు కూడా అంతే. "చెల్లికి తోలు హ్యాండ్‌బ్యాగు చూడు. నలుగురిలో తిరిగేది, కాస్త ఖరీదుదే తే," అంది అమ్మ కుర్చీలోంచి. "నువ్వు గ్లౌజులు కొనుక్కో. లోపల ఉన్ని ఉన్నవి చూసి తీసుకో. ఆ పాడు కాగితాలు నీ చేతులు కొరికేస్తున్నాయి."

రిబ్బనక్కకు కవర్ల మందం తప్ప ఏమీ వినపడలేదు. వానకోటు మళ్ళీ వచ్చింది అనుకుంది.

మధ్యాహ్నం తిండి వేళకు రెండూ కొంది. గ్లౌజులు గోధుమరంగువి, లోపల ఉన్ని మెత్తగా ఉంది. ఆమె తొడిగి చూసుకోను కూడా లేదు. హ్యాండ్‌బ్యాగు దగ్గర మాత్రం చాలాసేపు నిలబడింది. ముదురు ఎరుపు, ఇత్తడి కొక్కెం, మూస్తే టక్కుమని బరువైన చప్పుడు. తీసి, మూసి, మళ్ళీ తీసింది. తను రోజూ పట్టుకెళ్ళేది దుకాణం వాళ్ళు ఊరికే ఇచ్చిన గుడ్డసంచి. అయినా ఆమె మోసం తలపెట్టలేదు. రెంటినీ బుద్ధిగా చుట్టింది, పేర్లు రాసే కార్డులు రెండు తీసి పక్కన పెట్టుకుంది. అప్పుడు చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, సాయంత్రం నేనొక్కదాన్నే వస్తున్నా. పిల్లలు రేపొస్తారు. అమ్మ నాకేదో భలేది కొనిపిస్తోందటగా? చెప్పకు, చెప్పకు!"

"చెప్పనులే. పిల్లలకి కొన్నావా?"

"అయ్యో, అడక్కు! చిన్నాడు కంప్యూటరు కావాలని రెండ్రోజులు అన్నం మానేశాడు. కొనేశాం, ఏం చేస్తాం! చేతులు ఖాళీ."

"మరి పెద్దదానికి?"

"దానికి స్వెటరు తీశాలే. అది బంగారం, ఏమిచ్చినా సర్దుకుపోతుంది."

ఫోన్ పెట్టేశాక రిబ్బనక్క చెవులు వేడెక్కాయి. తల్లి పోలిక ఎక్కడికి పోతుంది! అమ్మ దగ్గర తీసుకోవడమే కాదు, పెట్టడం కూడా అలాగే నేర్చుకుంది మహాతల్లి. ఆ స్వెటరు పిల్ల ఎప్పుడూ మూలన కూర్చుని పుస్తకం చదువుకుంటూ ఉంటుంది, పలకరిస్తే నవ్వుతుంది. ఆ పిల్ల కోసమే ఒళ్ళు మండిందని రిబ్బనక్క తనకు తాను చెప్పుకుంది. అది సగమే నిజం. ఆమె కలం తీసి, ఒక కార్డు మీద 'పెద్దమ్మాయికి, అమ్మ' అని, రెండో దానిమీద 'చిన్నమ్మాయికి, అమ్మ' అని రాసింది. పెద్దమ్మాయి కార్డు హ్యాండ్‌బ్యాగుకు కట్టింది. చిన్నమ్మాయి కార్డు గ్లౌజులకు కట్టింది. బంగారు కాగితం దేనికీ వాడలేదు.

చీకటి పడుతుండగా ఇంటికి చేరింది. అమ్మ కిటికీ పక్క కుర్చీలో, మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకొని ఉంది. చూపు బాగా తగ్గింది, మనుషుల్ని అడుగుల చప్పుడుతో గుర్తుపడుతుంది. రిబ్బనక్క రెండు పొట్లాలూ బల్లమీద పెట్టి కోటు విప్పుతూ, ఇన్నేళ్ళలో అడగనిది అడిగేసింది.

"అమ్మా, దానికెప్పుడూ ఎక్కువ ఎందుకు పెడతావే?"

అమ్మ తెల్లబోలేదు, బుకాయించలేదు. ఎప్పుడో ఒకరోజు అడుగుతుందని తెలిసినట్టే ఉంది.

"అది ఏడ్చేది," అంది. "చిన్నప్పుడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది. నువ్వు ఏడవలేదు. ఏడవనిదే అమ్మయినా పాలివ్వదంటారు చూడు, మీ నానమ్మ అన్నప్పుడల్లా నాకు కోపమొచ్చేది. తీరా నేనూ అదే చేశా. న్యాయం కాదే. అలవాటైపోయింది."

రిబ్బనక్క విప్పిన కోటు మేకుకు తగిలించింది. అంత పాత పుండుకు ఇంత తేలికైన జవాబు ఉంటుందని ఆమె అనుకోలేదు.

"గ్లౌజులు కొన్నావా?" అంది అమ్మ.

"కొన్నా."

"లోపల ఉన్ని ఉందా? గుచ్చుకోదు కదా?"

"లేదమ్మా. మెత్తగానే ఉంది."

"ఏదీ, చెయ్యిలా తే." అమ్మ ఆమె చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, ప్లాస్టర్లు ఒక్కొక్కటే తడిమింది. "నీకేం కావాలా అని ఈ ఏడంతా ఆలోచించా. దానికి హ్యాండ్‌బ్యాగని పక్కింటావిడ చెప్తే సరేనన్నా. అది ఏదైనా తీసుకుంటుంది. ఏదీ, గ్లౌజులు వేసుకుని చూపించు."

"రేపు. పండగపూట వేసుకుంటా," అంది రిబ్బనక్క.

"సరే, రేపే," అంది అమ్మ. తల కుర్చీకి ఆనించింది.

రిబ్బనక్క వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టింది. చెల్లెలు ఇంకా రాలేదు. కార్డులు విప్పి మళ్ళీ కట్టడానికి ఎంతసేపు పడుతుంది! పాలు పొంగగానే వెళ్ళి మార్చేద్దామనుకుంది. పాలు పొంగుతుంటే తలుపు గంట మోగింది.

చెల్లెలు చలికి ఎర్రబడిన బుగ్గలతో లోపలికి వచ్చి, "అమ్మా!" అని గట్టిగా పిలిచింది. మళ్ళీ పిలిచింది. దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకుంది. ఆ కేకలకు కింది వాటాలో ఉండే డాక్టరుగారు చెప్పులు కూడా వేసుకోకుండా పైకి వచ్చి, అమ్మ మణికట్టు పట్టుకొని చూసి, చేతిని నెమ్మదిగా దుప్పటి మీద పెట్టారు. నిద్రలోనే పోయారమ్మా, ఏమీ తెలిసి ఉండదు అన్నారు.

చెల్లెలు చిన్నప్పటిలాగే ఏడ్చింది, ఇల్లెగిరిపోయేలా. రిబ్బనక్క గోడకు ఆనుకుని నిలబడింది. ఇప్పుడు కూడా ఆమెకు ఏడుపు రాలేదు. పొయ్యి ఆర్పింది. అమ్మను ఆసుపత్రి శవాగారానికి తీసుకెళ్ళడానికి ఫోన్ చేసి బండి పిలిపించింది. తిరిగి వచ్చేసరికి చెల్లెలు బల్ల దగ్గర నేలమీద కూలబడి, తన పేరున్న పొట్లం విప్పుతోంది.

"ఆగవే," అనబోయింది రిబ్బనక్క. ఆ మాట నోటి వరకే వచ్చింది.

చెల్లెలు గ్లౌజులు ఒడిలో పెట్టుకుంది. వేళ్ళు లోపలికి దూర్చింది. ఉన్ని తగిలిందేమో, మళ్ళీ బావురుమంది.

"అక్కా, చూడవే. అమ్మ నాకెప్పుడూ బొమ్మలూ గౌన్లే ఇచ్చింది. నీకే అన్నీ ఆలోచించి ఇచ్చేది. నీ బూట్లు చూసి, నీ వానకోటు చూసి నేనెంత కుళ్ళుకునేదాన్నో నీకేం తెలుసు! వానొస్తే నువ్వు తడవకూడదని అమ్మకుండేది. నేను తడిస్తే ఎవరికి పట్టింది? ఇన్నాళ్ళకి నా చేతులు చలికి కొంకర్లు పోతాయని అనుకుంది."

ఆ గ్లౌజులు నావే అన్న మాట రిబ్బనక్క నాలుక చివర ఉంది. వాటి మీద ఇంత కడుపుమంట కలుగుతుందని పొద్దున ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేది. ఏ బొమ్మ మీదా, ఏ పియానో మీదా, ఏ పసివాడి రైలుబండి మీదా ఆమె ఇంత ఏడవలేదు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాయి. కానీ ఏడ్చేదాని చేతిలోంచి వస్తువు లాక్కోవడం ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు చేతకాలేదు, ఇప్పుడూ చేతకాలేదు.

బండి వచ్చింది. ఇద్దరు మనుషులు అమ్మను దుప్పటితో సహా జాగ్రత్తగా కిందికి దించారు. వెంట ఒక్కరే రావచ్చన్నారు.

"నేను వెళ్తానక్కా. నువ్వు ఇన్నాళ్ళూ దగ్గరున్నావు. ఈ ఒక్కసారికి నన్ను వెళ్ళనీ," అంది చెల్లెలు.

"వెళ్ళు," అంది రిబ్బనక్క.

కిటికీలోంచి చూస్తే చెల్లెలు బండి ఎక్కడం కనిపించింది. తలుపు పట్టుకున్న చేతులకు గ్లౌజులున్నాయి. బండి మలుపు తిరిగేదాకా రిబ్బనక్క అక్కడే నిలబడింది. తరువాత పెద్ద పొట్లం తీసుకుని కాగితం విప్పి, కొక్కెం తెరిచింది. అమ్మ కుర్చీలో దాన్ని ఉంచి, తను స్టూలు మీద కూర్చుంది. ఎర్రటి కొత్త హ్యాండ్‌బ్యాగు నోరు తెరుచుకుని ఉంది, దాని నిండా ఆకారం చెడకుండా దుకాణంవాళ్ళు ఉండలు చుట్టి కుక్కిన కాగితాలు.