నలభై ఒకటో నంబరు మట్టి

కొయ్యసుత్తి పైకి లేచేటప్పుడు హజ్రా బీ ఊపిరి పీల్చేది, కిందికి దిగేటప్పుడు వదిలేది. పాతికేళ్లుగా అదే వరస. ఈమధ్య ఆ వరస తప్పుతోంది. నాలుగు దెబ్బలకొకసారి చెయ్యి ఆగుతోంది. ఛాతీలో సన్నగా గరగరమని చప్పుడవుతోంది. అది తగ్గేదాకా సుత్తిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోంది.

నడికుడిలో రైలుగేటు దాటాక రైతు సంఘంవాళ్ల మట్టి పరీక్ష కేంద్రం ఉంది. ముందు గదిలో గాజు జాడీలు, తూకాలు, కంప్యూటరు. వెనక రేకుల వరండా హజ్రా బీది. ఏ ఊరి మట్టి వచ్చినా మొదట ఆమె చేతిలో పడాల్సిందే. పళ్లేల్లో పోసి నీడన ఆరబెట్టాలి. గడ్డివేళ్లూ రాళ్లూ ఏరాలి. పెళ్లలను చెక్క మీద పెట్టి కొయ్యసుత్తితో చిదిపి జల్లెడ పట్టాలి. ఇనప సుత్తి పనికిరాదు, ఇనుము రజను కలిస్తే పరీక్ష తప్పుతుంది.

ఆమె పొట్టి మనిషి. చెంపలు లోపలికి పోయాయి. వేళ్ల కొనలు పగిలి, ఆ పగుళ్లలో నాలుగైదు రంగుల మట్టి నిలిచిపోయి, ఎంత తోమినా వదలదు. మధ్యాహ్నానికల్లా కనురెప్పల వెంట్రుకలు కూడా బూడిదరంగుకు తిరుగుతాయి. ఆఫీసువాళ్లిచ్చిన మాస్కు గడ్డం కింద వేలాడుతుంటుంది. అది పెట్టుకుంటే గాలి చాలదంటుంది. చీరచెంగే ముక్కుకు అడ్డం కట్టుకుంటుంది.

పుట్టింది మాచవరం అవతల కృష్ణ ఒడ్డున గొల్లరేవులో. తండ్రి రేవులో పడవలు బాగుచేసేవాడు. పదిహేడో ఏట హబీబ్‌కిచ్చి నడికుడి పంపారు. హబీబ్ సున్నపు బట్టీలో పనిచేసేవాడు. కొడుకు సల్మాన్‌కు తొమ్మిదేళ్లున్నప్పుడు హబీబ్ జ్వరమొచ్చి పదిరోజుల్లో పోయాడు. నలభయ్యో రోజు దాటాక కేంద్రంలో ఊడ్చే పని ఉందని ఎవరో చెబితే హజ్రా బీ చీపురు పట్టుకుని ఈ వరండాలోకి వచ్చింది. భర్త పోయిన ఆడది ఇల్లు దాటకూడని ఇద్దత్ రోజులు పూర్తికాకుండానే బయటికొచ్చిందని కొందరన్నారు. పిల్లాడికి అన్నం ఎవరు పెడతారని ఆమె వాళ్లను అడగలేదు. ఏడాది తిరిగేసరికి చీపురు పోయి చేతికి సుత్తి వచ్చింది. ఇప్పుడు సల్మాన్‌కు బైకుల మెకానిక్ షాపుంది. పని మానెయ్యమంటాడు. రేపు మానేస్తాలేరా అంటుంది.

చదువు రాదు. అంకెలొచ్చు. మట్టి మాత్రం ఆమెకు వేళ్లతోనే తెలిసేది. చిటికెడు తడిపి అరచేతిలో పిసికేది. వేళ్లకు అంటుకుని, బొటనవేలితో నొక్కితే నాడాలా పొడుగ్గా సాగితే నల్లరేగడి. చెవి దగ్గర పెట్టి నలిపితే కరకరమంటే ఇసుక. ఈ రెండూ కాక, మైదాపిండిలా మెత్తగా ఉండి, అంటుకోకుండా, సాగబోయి మధ్యలోనే పొలుసులుగా తెగిపోతే అది ఏటి ఒండ్రు. రెండేళ్ల కిందట ఉద్యోగంలో చేరిన జ్యోతిర్మయి గాజు జాడీలో మట్టిని కలిపి, అందులో ఇసుకెంత, ఒండ్రెంత, బంకెంత అని లెక్కగట్టేది. లెక్క కట్టేముందు సరదాగా ఈమెను అడిగేది. ఈమె చెప్పింది తప్పడం అరుదు.

ఆ రోజు పదిగంటలప్పుడు, ముందు వారం ఇచ్చిన మట్టి ఫలితం కోసం కోటేశ్వరమ్మ వచ్చింది. గొల్లరేవు మనిషే, హజ్రా బీకన్నా పదేళ్లు చిన్న. ప్రాజెక్టు నీళ్లలో ఊరు మునిగాక అందరితోపాటు గట్టు మీది కాలనీకి చేరింది. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి తగ్గితే పాత ఊరి పక్కన నేల బయటపడుతుంది. ముప్పై ఇళ్లవాళ్లు ఆ నాలుగు నెలలూ అందులో దోస, మినుము వేసుకుంటున్నారు. ఈ ఏడు ఆ నేలను ఇసుక తవ్వకానికి ఇవ్వాలన్న మాట పుట్టింది. సాగు నేలో, ఇసుక మేటో పరీక్ష చేయించుకు రమ్మని పైవాళ్లు చెప్పారు. ఎల్లుండి మండలాఫీసులో కాగితం చూపించాలి.

జ్యోతిర్మయి ఇచ్చిన కాగితాన్ని మడిచి పట్టుకుని కోటేశ్వరమ్మ వరండాలోకి వచ్చి గుమ్మం దగ్గర కూలబడింది. సంచిలోంచి రెండు దోసకాయలు తీసి హజ్రా బీ ముందు పెట్టింది.

“ఇసకంట హజ్రక్కా, మన రేవు మట్టి,” అంది. “నూటికి ఎనభై పాళ్లు ఇసకంట. ఇసకలో మినుము పండుద్దా? నువ్వు పుట్టిన నేలేగా, నువ్వు చెప్పు.”

మిషను చెప్పింది మిషను చెబుతుంది, మనమేం చేస్తామని ఎవరికైనా చెప్పే మాటే హజ్రా బీకి నోటిదాకా వచ్చింది. ఈలోపు చెయ్యి దోసకాయ మీదికి పోయింది. కాయ అడుగున ఎండిన మట్టి పొరగా అంటుకుని ఉంది. గోటితో గీకి, చెంబులో నీళ్లు ఒక చుక్క వేసి అరచేతిలో పిసికింది. మెత్తగా ఉంది. చెవి దగ్గర పెట్టుకుంది. చప్పుడు లేదు. బొటనవేలితో నొక్కింది. సాగబోయి పొలుసుగా తెగింది. సన్నటి అభ్రకం తళుకులు కళ్లబడ్డాయి. చిన్నప్పుడు రేవులో స్నానం చేసి వచ్చాక మోకాళ్ల మీద మెరిసినవి అవే తళుకులు.

ఆమెకు పోయిన మంగళవారం గుర్తుకొచ్చింది. నలభై ఒకటో పళ్లెం, నలభై రెండో పళ్లెం పక్కపక్కన ఉన్నాయి. మొదటిది గొల్లరేవుది, రెండోది ఏదో ఇసుక వాగు ఒడ్డుది. రెండింటి మీదా చీటీలున్నాయి. ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చింది. ఎంతకీ ఆగలేదు. కళ్లు చీకట్లు కమ్మి చెయ్యి ఆనించబోతే చీటీలు కిందపడ్డాయి. తేరుకున్నాక ఏరి పెట్టింది. ఏది దేని మీద పెట్టిందో ఆ రోజు ఆలోచించలేదు. ఇప్పుడు, అరచేతిలోని మట్టి చూశాక, తారుమారయ్యాయని తెలిసింది.

ఇద్దరికే తెలుసు, తనకూ పైవాడికీ. చెప్పకపోతే అడిగేవాళ్లు లేరు. చెబితే, దగ్గుతో పని చెడగొడుతోందని ఆమెను ఇంటికి పంపడానికి ఒక సాకు దొరుకుతుంది. అంతకన్నా, ఆ కాగితం మీద సంతకం జ్యోతిర్మయిది.

“ఈ కాగితం ఎవరికీ చూపించమాక,” అంది కోటేశ్వరమ్మతో. “రేపు పదకొండింటికి రా.”

కోటేశ్వరమ్మ కాగితాన్ని సంచిలో దాచుకుంది. లేచి వెళ్లింది. హజ్రా బీ చేతులు కడుక్కోకుండానే ముందు గదిలోకి నడిచింది. ఆ గదిలోకి మట్టిచేతులతో రావడం ఇరవై ఆరేళ్లలో అదే మొదలు. జరిగింది జరిగినట్టు చెప్పింది. జ్యోతిర్మయి కంప్యూటరులో నలభై రెండో నంబరు కూడా తీసి చూసి, ఆ కాగితం ఇంకా ఎవరికీ వెళ్లకుండా ఆపింది.

“నేను సంతకం పెట్టాను పిన్నీ,” అంది చివరికి.

“తెలుసమ్మా. నావల్ల జరిగిందని నా పేరే రాయి. నువ్వు చిన్నదానివి. నీ సంతకం ఇంకా చానా కాయితాల మీద పడాల.”

మొదట వచ్చిన మట్టిలో మిగిలింది ఉందా అని జ్యోతిర్మయి అడిగింది. ఉంది. ప్రతి సంచిలోనూ ఒక పాలు ఎవరూ ముట్టకుండా దాచడం హజ్రా బీకి అలవాటు. ఊళ్లోనే సంచికి కట్టిన చీటీ కనుక అది మారే పని లేదు.

మధ్యాహ్నం అన్నం తినలేదు. ఆ సంచి విప్పి, పెళ్లలను చెక్క మీద పరిచింది. ఇసుకే అయితే సుత్తి అక్కర్లేదు. బంకమట్టయితే సుత్తి ఎగిరిపడుతుంది. ఇవి వేళ్ల మధ్యనే పొడి అయిపోతున్నాయి. పొడి పొగలా లేస్తోంది. కొంచెం చేసి, కొంచెంసేపు కూర్చుని, మూడింటికల్లా జల్లెడ పట్టింది. జ్యోతిర్మయి వచ్చి పక్కన పీట వేసుకుని కూర్చుంది. యాభై గ్రాములు తూచుకుంటూ, పుస్తకాల్లో ఈ నేలను ఏమంటారో చెప్పింది. ఏటేటా వరద పొర మీద పొర వేస్తుంటుంది గనక లోపల నేల కుదురుకోవడానికి వ్యవధి ఉండదట. అందుకని దీన్ని పసినేలల వర్గంలో వేస్తారట. వయసు లేని నేల అని అర్థమట.

హజ్రా బీ చెంగుతో నోరు తుడుచుకుంది.

“మా తాతల తాతలు దున్నిన నేలమ్మా అది. దానికి వయసు లేదంటే ఎట్టా?” అంది. కాస్త ఆగి, “అయినా ఏటేటా కొత్తదవుద్దిలే. అదీ నిజమే,” అంది.

జ్యోతిర్మయి ఆ మట్టిని మందు కలిపిన నీళ్లలో నానబోసి మూతపెట్టింది. రాత్రంతా నానాలి. మిగిలిన మట్టిని భద్రపరచడం హజ్రా బీ పని. కాగితం మీద గుండ్రంగా పరిచి, వేలితో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీత గీసి, నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు పాళ్లు రెండు తీసేసి, మిగిలిన రెంటినీ కలిపి మళ్లీ పరచాలి. అలా అరకిలో మిగిలేదాకా చేయాలి. మొదటిసారి రెండు పాళ్లు తీసేసేసరికే చెయ్యి ఆడలేదు. పని సగంలో వదిలి లేచిన మనిషి కాదు ఆమె. ఆ సాయంత్రం లేచింది.

“పొద్దున్నే వచ్చి ఎత్తుతాలేమ్మా. కదిలించమాకండి,” అంది.

గేటు పడి ఉంది. గుంటూరు వైపు బండి వెళ్లేదాకా కడ్డీ పట్టుకుని నిలబడి, తర్వాత నెమ్మదిగా పట్టాలు దాటింది. జ్యోతిర్మయి కిటికీలోంచి చూస్తూనే ఉంది.

మర్నాడు జ్యోతిర్మయి ఎనిమిదింటికే వచ్చి నానిన మట్టిని పొడుగాటి జాడీలో పోసి కలిపింది. ఇసుక అడుగుకు దిగే నలభై సెకన్లకు మొదటి కొలత తీసింది. ఇసుక చాలా తక్కువ. రెండో కొలతకు రెండు గంటలు ఆగాలి. ఆ రెండు గంటల్లో ఒండ్రు నెమ్మదిగా దిగిపోతుంది, బంక నీళ్లలోనే తేలుతుంటుంది. జాడీ కదలకూడదు.

తొమ్మిదిన్నరకు సల్మాన్ ఫోను చేశాడు. అమ్మ తెల్లవారుజామున ఫజర్ నమాజుకని లేచి, కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుందట. నమాజు చాప ముసల్లా పరుచుకుని గోడకు ఆనుకుని ఒక నిమిషం కూర్చుందట. కోడలు ఫిర్దౌస్ చూసేసరికి కూర్చున్నది కూర్చున్నట్టే ఉందట, ఊపిరి లేదట. తనకేమన్నా అయితే ఆఫీసులో చెప్పమని ఎప్పుడో చెప్పి పెట్టింది, అందుకని చేస్తున్నా మేడమ్ అన్నాడు.

జ్యోతిర్మయి ఫోను పెట్టేసి జాడీ ముందు కూర్చుంది. లేచి వెళ్లలేదు. నీళ్లు పైనుంచి తేటబడుతున్నాయి. టైమయ్యాక కళ్లు తుడుచుకుని కొలత చదివింది. ఇసుక పద్నాలుగు, ఒండ్రు అరవై ఆరు, బంక ఇరవై. కొత్త కాగితం తీసి రాసింది: వరద మేట వేసిన ఒండ్రునేల, పసినేలల వర్గం, సాగుకు అనువైనది. కింద ఇంకో వాక్యం చేర్చింది. మొదటి నివేదికలో నమూనాలు తారుమారైన సంగతిని ఇరవై ఆరేళ్ల అనుభవం గల సిబ్బంది హజ్రా బీ గుర్తించి సరిచేయించారు.

పదకొండింటికి కోటేశ్వరమ్మ వచ్చింది. కాగితం అందుకుని, హజ్రక్క ఏదని వరండా వైపు చూసింది. జ్యోతిర్మయి చెప్పింది. ఇద్దరూ రైలుగేటు దాటి సల్మాన్ ఇంటికి నడిచారు.

వాళ్లు తిరిగొచ్చేసరికి మూడయింది. వరండా రేకులు ఎండకు చిటపటమంటున్నాయి. స్టూలు మీద టేబుల్ ఫ్యాను ఉంది. గాలికి మట్టి లేచిపోతుందని ఎవరూ దాన్ని వేయలేదు. నేల మీద కాగితంపై రెండు పాళ్ల మట్టి ఎదురెదురుగా ఉంది, మధ్యలో ఆమె వేలు గీసిన గీతలు చెదరకుండా ఉన్నాయి.