తొండానికి కరెంటు

చెంచా కావాలని ఒకసారి, ఉప్పు మర్చిపోయానని ఒకసారి, శాలువా కోసమని ఇంకోసారి, మరియకుమారి పొద్దుగూకిన దగ్గర్నుంచీ ఆ బండి ఎక్కుతూ దిగుతూనే ఉంది. చెంచాలు బయట బోలెడున్నాయి. ఆమె చూడ్డానికి వెళ్తున్నది తలుపు పక్కన గోడకి బిగించిన చిన్న పెట్టెని. అందులో నాలుగు పచ్చలైట్లు వెలిగితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టని, అద్దెకిచ్చిన అనీష్ చెప్పాడు. మధ్యాహ్నం అల్ ఐన్ దాటి ఇసుక దిబ్బల్లోకి దిగినప్పుడు నాలుగూ వెలిగాయి. ఇప్పుడు రెండే ఉన్నాయి.

బయట సెమీ క్రిస్మస్, అంటే పండక్కి ముందే చేసుకునే పండగ, మంచి ఊపు మీద ఉంది. గోదావరి జిల్లాల నుంచి వచ్చి అబుదాబిలో ఒకే చర్చికి పోయే మూడు జంటలు, ఈ ఏడాది హాల్లో కాకుండా ఎడారిలో చేసుకుందామని, మంచం, వంటగది ఉన్న ఈ మోటార్‌హోమ్ బండి అద్దెకి తీసుకున్నారు. ఎడారంటే నిశ్శబ్దంగా ఉంటుందని ఎవరన్నారో గానీ, వాళ్ళకి మన సంగతి తెలియదు. దేవదానం కీబోర్డు తెచ్చాడు, దానికో యాంప్లిఫయర్, రెండు స్పీకర్లు. ఎజ్రా మనిషెత్తు నక్షత్రం తెచ్చి బండి నెత్తిన కట్టి, చుట్టూ సీరియల్ లైట్లు వేశాడు. ఆ వైర్లన్నీ కిటికీలోంచి లోపలికి పోయి ఆ ఒక్క బ్యాటరీనే పీల్చుకుంటున్నాయి.

వెనకాల మంచం కింద, దుప్పట్ల చాటున, జకరయ్య మెషిన్ ఉంది. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఆయనది. మూతికి మాస్కు బిగించుకుంటే గొట్టంలోంచి గాలి ముక్కులోకి నెడుతుంది ఆ మెషిన్. ఆస్పత్రిలో దాన్ని సీప్యాప్ అంటారు. జకరయ్య మాత్రం తొండం అంటాడు, అదీ పెళ్ళాం దగ్గరే. మెషిన్ రాకముందు మరియకుమారి ఎన్ని రాత్రులు ఆయన గురక వింటూ పడుకుందో లెక్క లేదు. గురక వినపడుతున్నంతసేపూ బాగానే ఉండేది. ఆగిందంటే ఆమె గుండె కూడా ఆగేది. భుజం పట్టుకుని కుదిపితే, నీళ్ళలోంచి తేలిన మనిషిలా ఒక్కసారి గాలి లాక్కునేవాడు. ఐసీయూలో పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చి ఇంట్లో మళ్ళీ అదే డ్యూటీ.

ప్లగ్ ఉంటుందన్న ఒక్క మాట మీదే ఆమె ఈ ఎడారికి ఒప్పుకుంది. "చిన్న మెషిన్ ఒక్కటే అయితే పొద్దుటిదాకా వస్తుంది, పెద్ద సామాను పెట్టొద్దు" అని అనీష్ చెప్పనే చెప్పాడు.

బిర్యానీ గిన్నె దగ్గరున్న మొగుడి పక్కకి వెళ్ళి నిలబడింది.

"ఏమండీ, రెండు లైట్లే ఉన్నాయి."

"నెమ్మదిగా మాట్లాడు."

"ఆ కీబోర్డు ఆపమని ఒక్క మాట చెప్పండి."

"ఎందుకని అడిగితే? రాత్రికి తొండం పెట్టుకోవాలి నాయనా అని మా సూపర్‌వైజర్‌కే చెప్పమంటావా? ఖలాస్, సోమవారానికల్లా బస్సు తాళాలు లాక్కుంటాడు. ఒక్క రాత్రికి నేనేం చచ్చిపోను."

ఆ చివరి మాట నర్సు దగ్గర అనకూడదు. అయినా ఆయన భయమూ తీసిపారేసేది కాదు. ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేటలో కంపెనీ బస్సు తోలుతాడు జకరయ్య. ఆ బస్సుల మీద సూపర్‌వైజర్ దేవదానమే. వయసులో చిన్నవాడు, చర్చిలో అన్నయ్యా అని పిలుస్తాడు, ఆఫీసులో మాత్రం సంతకం అతనిదే. నిద్రజబ్బున్న డ్రైవర్ చేతిలో యాభై మంది కూర్చున్న బస్సు ఎవరు పెడతారు? మాట అంతదాకా వస్తే మరియకుమారి కూడా పెట్టదు. అందుకే ఏడాదిగా ఆమె కూడా నోరు మూసుకుంది.

కొంచెం తెలివిగా ప్రయత్నిద్దామనుకుంది.

"దేవదానం, చప్పట్లతో పాడుకుందాం బాబూ, చిన్నప్పుడు మనూళ్ళల్లో పాడినట్టు."

"భలేదానివి వదినా! ఇంత దూరం మోసుకొచ్చింది చప్పట్లు కొట్టడానికా? యల్లా, ఇంకో పాట!" అని సౌండు ఇంకాస్త పెంచాడు.

ఇంతలో చలి పెరిగింది. ఎజ్రా భార్య శాంతిప్రియ మంచి మనసుతో అందరికీ టీ పెడదామని, లోపల కరెంటు కెటిల్ ఆన్ చేసింది. నీళ్ళు మరిగిన చప్పుడు విని మరియకుమారి పరిగెత్తింది. కెటిల్ లాగి పక్కన పెట్టింది గానీ అప్పటికే ఆలస్యమైంది. ఒక్కటే పచ్చలైటు, అదీ రెపరెపలాడుతోంది. ఆమెకి ఏడుపొచ్చింది. పరువు, పాట, నక్షత్రం, టీ అన్నిటికీ కరెంటుంది, ఆయన ఊపిరికి తప్ప.

బయట సాక్ష్యాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరూ లేచి, ఈ ఏడాది దేవుడు తమకి చేసిన మేలు చెప్పుకోవాలి. దేవదానం భార్య యూనిస్ తన లైసెన్సు పరీక్ష గురించి చెప్పింది. ఎజ్రా వీసా గురించి చెప్పాడు. ప్రతి సాక్ష్యం కిందా దేవదానం కీబోర్డు మీద సన్నగా వాయిస్తూనే ఉన్నాడు. ఆ సన్నటి రాగం ఒక్కోటీ తన నరాలు లాగుతున్నట్టే ఉంది మరియకుమారికి.

"ఇప్పుడు మా వదిన సాక్ష్యం!"

లేచింది. కొడుక్కి కాకినాడలో కాలేజీ సీటు వచ్చిన సంగతి చెప్దామని వారం నుంచీ అనుకుంది. జకరయ్య నవ్వుతూ చూస్తున్నాడు, సీటు సంగతే వస్తుందని.

"దేవునికి స్తోత్రం" అంది. "మా ఆయనకి నిద్రలో ఊపిరి ఆగిపోద్ది. గాలి కొట్టే మెషిన్ పెట్టుకుంటేనే తెల్లారేదాకా ఊపిరి ఆడద్ది. ఆ మెషిన్ని దేవుడే ఇచ్చాడు. దానికి కరెంటు కావాలి. ఆ కరెంటే మనం పాటలకి తగలేత్తన్నాం. ఒక్క లైటే మిగిలింది. మీకు దండం పెడతాను, అన్నీ ఆపెయ్యండి. ఇదే నా సాక్ష్యం."

అలవాటు చొప్పున శాంతిప్రియ "ఆమెన్" అనేసి నాలిక్కరుచుకుంది. దేవదానం చేతులు కీబోర్డు మీద అలాగే ఆగిపోయాయి. తర్వాత లేచి వైర్లన్నీ పీకేశాడు. నక్షత్రం ఆరిపోయింది. చీకట్లో మొగుడి మొహం కనపడనందుకు మరియకుమారి సంతోషించింది.

"ఎన్నాళ్ళనించన్నా?" దేవదానం గొంతు. చర్చి గొంతు కాదు, ఆఫీసు గొంతు.

"తెలిసి ఏడాది దాటింది."

"బస్సు మీద ఎప్పుడైనా…?"

"మెషిన్ వచ్చాక ఒక్క కునుకు రాలేదు."

"అంతకుముందు?"

జకరయ్య తడుముకుంటూ బిర్యానీ గిన్నె మూత తీశాడు.

దేవదానం వెళ్ళి ఇంజన్ స్టార్ట్ చేశాడు, బ్యాటరీకి కాస్త చార్జింగ్ ఎక్కుతుందని. అందరూ చల్లారిన బిర్యానీ తింటూ ఆ చప్పుడే విన్నారు. ఎప్పటికో రెండో పచ్చలైటు వెలిగింది. అప్పటికి డీజిల్ ముల్లు బాగా పడిపోయింది.

"ఇంకా నడిపితే రేపు పంపుదాకా కూడా పోలేం వదినా. ఇంతే" అని ఆపేశాడు.

పడుకునేటప్పుడు జకరయ్య మాస్కు చేతిలో పట్టుకుని గోడవైపు తిరిగాడు. పెట్టుకునేలా లేడు. మిగతా రెండు జంటలూ బయట వేసుకున్న గుడారాల్లోంచి యూనిస్ అరిచింది: "అన్నయ్యా, పెట్టుకున్నారా?" కాసేపటికి ఎజ్రా: "బెల్టు గట్టిగా బిగించండన్నా!" దాచుకున్న జబ్బు బయటపడ్డాక మనవాళ్ళు ఊరుకుంటారా? ఈసారి శాంతిప్రియ మొదలుపెట్టేలోపు జకరయ్య విసుగ్గా మాస్కు తగిలించుకున్నాడు.

"రేపు ఉద్యోగం పోతే నీ సాక్ష్యం వండుకు తిందాం" అన్నాడు దానిలోంచే.

ఆమె మెషిన్లో నీళ్ళు వెచ్చబెట్టే మీట ఆపేసింది, ఆ మేరకి కరెంటు మిగులుతుందని. రాత్రంతా మేలుకునే ఉండాలనుకుంది. వారమంతా నైట్ డ్యూటీలు చేసిన ఒళ్ళు ఆమె మాట వినలేదు.

కళ్ళు తెరిచేసరికి కిటికీలోంచి ఎండ మొహాన కొడుతోంది. మెషిన్ చప్పుడు లేదు. గోడ మీద పెట్టెలో ఒక్క లైటూ లేదు. దిండు మీద మాస్కుంది, మనిషి లేడు.

చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి దూకింది.

జకరయ్య దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. పక్క కుర్చీలో దేవదానం, కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"చీకటుండగానే మెషిన్ ఆగిపోయింది వదినా. మీ కిటికీ కిందే పడుకున్నానేమో, ఆ చప్పుడు ఆగ్గానే నాకు మెలకువొచ్చేసింది. అన్నయ్య మళ్ళీ పడుకుంటానంటే నేనే కూర్చోబెట్టాను" అన్నాడు దేవదానం.

"నన్ను లేపొచ్చుగా?"

"లేపబోయాను" అన్నాడు జకరయ్య, గ్లాసులోకి చూస్తూ. "నువ్వు గురక పెడుతున్నావు. రోజూ నువ్వేగా మేలుకునేది, పోన్లే అని వదిలేశాను."

మరియకుమారి అక్కడే ఇసుకలో కూర్చుంది.

"సోమవారం మెషిన్ కాగితాలు పట్టుకుని ఆఫీసుకి రా అన్నా. డాక్టర్ సరేననేదాకా బస్సు ఇవ్వను. అప్పటిదాకా స్టోర్లో కూర్చో" అన్నాడు దేవదానం.

"ఆయ్" అన్నాడు జకరయ్య. ఆ ఒక్క అక్షరం అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో ఆమెకి తెలుసు.

సామాను సర్దాక జకరయ్య అలవాటుగా స్టీరింగ్ వైపు తలుపు దగ్గరికి నడిచాడు. అక్కడ దేవదానం తాళం చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. జకరయ్య ఒక నిమిషం ఆగి, చుట్టూ తిరిగి రెండోవైపు ఎక్కి బెల్టు పెట్టుకున్నాడు. తారు రోడ్డు ఎక్కకముందే తల వాల్చేశాడు. గురక మొదలైంది. వెనక యూనిస్, శాంతిప్రియ ఏవో కబుర్లలో పడ్డారు.

ఉన్నట్టుండి గురక ఆగింది.

ఆయన వెనక సీట్లోనే ఉన్న మరియకుమారి చెయ్యి దానంతటదే లేచింది. కబుర్లు ఆగిపోయాయి. అద్దంలో దేవదానం కళ్ళు ఆమెని చూశాయి. ఎజ్రా ముందుకి వంగాడు. ఆ బండిలో ఎవరూ ఊపిరి తీసుకోవడం లేదు.

ఆమె భుజం తట్టేలోపే జకరయ్య పెద్దగా గాలి లాక్కున్నాడు, గురక మళ్ళీ అందుకుంది.

"స్తోత్రం" అన్నారు అందరూ ఒక్కసారే. ఆయనకి మెలకువ రాలేదు.